వెండి నీళ్లు, థైరాయిడ్ మాత్ర

నాకు థైరాయిడ్ తక్కువ. పొద్దున్నే పరగడుపున మాత్ర వేసుకుంటాను, డోసు కుదిరాక టీఎస్‌హెచ్ (థైరాయిడ్ తగ్గితే రక్తంలో పెరిగే హార్మోన్) ఏళ్ల తరబడి మామూలుగానే ఉండేది. నన్ను ఏడిపించింది సైనస్. మల్కాజిగిరిలో మా ఇల్లు మెయిన్ రోడ్డు పక్కనే, దుమ్ముకి కొదవ లేదు. చలికాలం వచ్చిందంటే ముక్కు దిబ్బడ, కళ్ల కింద బరువు, తలనొప్పి. యాంటీబయాటిక్ వాడినన్నాళ్లు తగ్గేది, ఆపగానే మళ్లీ వచ్చేది.

ఒక్క ఇంగ్లిష్ మందునే నమ్ముకునే ఇల్లు కాదు మాది. నాన్నగారికి ఉబ్బసం. మృగశిర కార్తె వస్తే నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్‌లో లైన్లో నిలబడి చేప మందు మింగి వచ్చేవారు. ఇన్‌హేలర్ మాత్రం మానలేదు. అందుకే మా వదిన ఆ సీసా తెచ్చినప్పుడు ఇంట్లో ఎవరికీ వింతగా అనిపించలేదు.

"కొల్లాయిడల్ సిల్వర్ అంటమ్మా. క్రిములన్నిటినీ చంపేస్తుందట, సైడ్ ఎఫెక్ట్స్ ఉండవట. పరగడుపున రెండు మూతలు తాగు" అంది. అంటే సన్నటి వెండి రేణువులు కలిసిన నీళ్లు. వాళ్ల అపార్ట్‌మెంట్‌లో ఒకాయన అమ్ముతున్నాడు. అందులో వెండి ఎంత ఉందో సీసా మీద ఎక్కడా లేదు. వెండి మంచిదన్న మాట మనం పుట్టినప్పటి నుంచీ వింటున్నదే: పిల్లల ఉగ్గుగిన్నె వెండిది, స్వీట్ మీద వరఖ్ వెండిది. వదిన ప్రేమతోనే తెచ్చింది. ఆ మాట ఇప్పటికీ అంటాను.

అలా ఒక చలికాలం పోయి ఇంకోటి వచ్చింది. సైనస్ ఎప్పటిలాగే వచ్చి పోతూ ఉంది. కొత్తగా వచ్చింది నీరసం. మెట్లెక్కితే కాళ్లు లాగేవి. జుట్టు ఊడింది, పొద్దున లేచేసరికి ముఖం ఉబ్బి ఉండేది. మే నెల ఎండల్లో అందరూ కూలర్ ముందు కూర్చుంటే నేను దుప్పటి కప్పుకునేదాన్ని. పరీక్ష చేయిస్తే టీఎస్‌హెచ్ బాగా పెరిగి ఉంది. మాత్ర డోసు పెంచారు. అయినా దిగలేదు. ఇంకా పెంచారు. నాకు టెన్షన్ పట్టుకుంది.

చివరికి ఒక ఎండోక్రినాలజిస్ట్ (హార్మోన్ల డాక్టర్) దగ్గరకు వెళ్లాను. ఆవిడ మాత్ర ఎంత అని కాకుండా, "దానితో పాటు పొద్దున ఇంకేం తీసుకుంటారు?" అని అడిగారు. కాల్షియమా, ఐరన్ మాత్రలా, వెంటనే కాఫీ తాగుతారా అని ఒక్కొక్కటే అడుగుతూ వచ్చారు. సిల్వర్ వాటర్ అని చెప్పగానే "చేతులు చూపించండమ్మా" అన్నారు. గోళ్ల మొదట్లో తెల్లగా ఉండాల్సిన అర్ధచంద్రం నీలి బూడిద రంగులో ఉంది. రోజూ చూసే చేతులే, నేను గమనించనే లేదు. చిగుళ్లు చూశారు. ఆక్సిమీటర్ పెడితే ఆక్సిజన్ బాగానే ఉంది, కాబట్టి ఆ నీలం ఆక్సిజన్ తగ్గడం వల్ల వచ్చింది కాదు. చర్మ డాక్టర్ కూడా చూసి అర్జీరియా, అంటే ఒంట్లో వెండి పేరుకుని చర్మం నీలి బూడిద రంగుకు మారడం, మొదలైందన్నారు.

మన ఒంట్లో వెండికి ఏ పనీ లేదట. తాగింది చాలావరకు బయటకు పోయినా, కొంత చర్మంలో, అవయవాల్లో పేరుకుంటుంది. పాత ఫొటో ఫిల్మ్ వెలుగు తగిలి నల్లబడినట్టే, చర్మంలోని వెండి కూడా ఎండకు ముదురుతుంది, అందుకే ముఖం, చేతుల మీద ముందు తేలుతుంది. అది సాధారణంగా పోదు. ఇంకో సంగతి, కడుపులో ఈ వెండి థైరాక్సిన్‌ను (నా థైరాయిడ్ మాత్రలోని మందు), కొన్ని యాంటీబయాటిక్‌లను ఒంటికి పట్టనివ్వకపోవచ్చు. నేను మాత్ర, వెండి నీళ్లు రెండూ పరగడుపునే తీసుకున్నాను. "ఇదే కారణమని ఖాయంగా చెప్పలేను, ఆపితే తెలుస్తుంది" అన్నారు డాక్టర్.

"మరి కాలిన గాయాలకు సిల్వర్ ఆయింట్‌మెంట్ రాస్తారు కదా మేడం?" అని అడిగాను. నాకు అది నిజంగా అర్థం కాలేదు. గాయం మీద క్రిములను ఆపడానికి కొలత ప్రకారం పైన రాసే మందు వేరు, రోజూ తాగడం వేరు అని ఓపికగా చెప్పారు. ఇంటికొచ్చి చదివితే, కొల్లాయిడల్ సిల్వర్ మందులు సురక్షితమనీ, పనిచేస్తాయనీ ఆధారం లేదని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1999లోనే తేల్చేసిందని తెలిసింది. 2020లో కొవిడ్‌కు మందంటూ అమ్మినవాళ్లకు హెచ్చరిక లేఖలు కూడా పంపింది. పాల్ కారసన్ అనే అమెరికన్ ఏళ్లపాటు ఇది తాగి ముఖమంతా నీలమైపోయాడు. 2013లో చనిపోయే దాకా ఆ రంగు పోలేదు. ఆయన ఫొటో చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

వెండి నీళ్లు ఆపేశాను. ఆరు వారాల తర్వాత పరీక్షలో టీఎస్‌హెచ్ దిగడం మొదలైంది, తర్వాత పెంచిన డోసు తగ్గిస్తూ పాత డోసుకే వచ్చారు. చలి పోయింది, ముఖం వాపు తీసింది, మెట్లు మామూలుగా ఎక్కుతున్నాను. సైనస్‌కి ఈఎన్‌టీ డాక్టర్ స్కాన్ తీయించి, ముక్కు దూలం వంకరగా ఉందని చూపించారు. ఉప్పు నీళ్లతో ముక్కు కడుక్కోవడం, స్ప్రే, ఈ రెండిటితోనే మొన్నటి చలికాలం యాంటీబయాటిక్ లేకుండా గడిచింది. గోళ్ల నీలం మాత్రం అలాగే ఉంది. చర్మానికైతే ఒక రకం లేజర్ కొందరికి పనిచేసిందట, నాకు ప్రస్తుతం అవసరం లేదన్నారు. బయటకు వెళ్తే సన్‌స్క్రీన్ తప్పనిసరి.

నాకు అసలు భయం వేసింది మా మేనల్లుడి గురించి. వాడికి జలుబు చేసినప్పుడల్లా వదిన ఆ నీళ్లే పోస్తోంది. విషయం తెలిసిన రోజే వాళ్లింటికి వెళ్లి వాడి గోళ్లు, చిగుళ్లు చూశాం, పిల్లల డాక్టర్‌కూ చూపించాం. ఏమీ లేదన్నారు. వదిన మిగిలిన సీసాలన్నీ పారేసి, తను కొనిపించిన ప్రతి ఇంటికీ వెళ్లి చెప్పి వచ్చింది.