ముందు కాలువ, తర్వాత గుండ్లకమ్మ

ఒంగోలులో పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర జాడలు చూద్దామని వచ్చేవాళ్లలో చాలామంది నేరుగా ఒంగోలులో దిగుతారు. ప్రార్థన కొండ ఎక్కి, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏట్లో కాళ్లు తడుపుకుని, సాయంత్రం బండికి వెళ్లిపోతారు. మేం నెల్లూరు నుంచి మొదలుపెట్టి రెండు రోజులు తీసుకున్నాం. శనివారం నెల్లూరు, రామాయపట్నం చూసి రాత్రికి ఒంగోలు చేరాం. ఆదివారం తెల్లవారుజామున కొండ ఎక్కి, ఆరాధన అయ్యాక బకింగ్‌హాం కాలువకు, చివర ఏటికి వెళ్లాం. మామూలు రోజుల్లో గుడులు తాళం వేసి ఉండొచ్చు కాబట్టి ఆదివారం కలిసేలా చూసుకోవడం మేలు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈ తీరానికి తుపానుల భయం, మే నెల ఎండకు కొండరాయి కాలుతుంది. జనవరి, ఫిబ్రవరి నెలలు హాయి.

బయల్దేరేముందు ఒక మాట. పాత మిషన్ రాతల్లో ఒంగోలును నెల్లూరు జిల్లా అని చూసి తప్పు పడిందనుకోకండి. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా ఒంగోలు నెల్లూరులోనే ఉంది. ప్రకాశం జిల్లా 1970లో వచ్చింది.

నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టు పని 1840లో శామ్యూల్ డే గారితో మొదలైంది. పదమూడేళ్లు గడిచినా విశ్వాసులు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. ఇక మూసేద్దామా అని 1853లో అమెరికాలో చర్చ జరిగింది. పటం మీద ఒంటరిగా ఉన్న ఈ చుక్కకే 'లోన్ స్టార్' అని పేరు పడింది. మూయలేదు. జాన్ క్లౌ 1865లో ఇక్కడికి వచ్చి, ఏడాదిన్నర తెలుగు నేర్చుకుని, 1866 సెప్టెంబరులో ఒంగోలు చేరారు. బోధకుడు కాకముందు ఆయన మిన్నెసోటాలో భూములు కొలిచే సర్వేయరు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, కాలువ దగ్గర పనికొస్తుంది.

రామాయపట్నానికి హైవే మీద తెట్టు దగ్గర తూర్పుకు తిరగాలి. ఫోను మ్యాపులో ఊరి పేరు కొడితే ముందు ఓడరేవు వస్తుంది, డ్రైవరు అటే పోనిస్తాడు. సెమినరీ అని విడిగా అడగాలి. 1872లో పెట్టిన ఈ బోధకుల బడి లేకపోతే తర్వాతి కథ నడిచేది కాదు. దొర ఒక్కడు, పల్లెలు వందలు. పల్లెల్లో పని చేసింది ఇక్కడ చదివిన తెలుగు బోధకులు. అయినా వచ్చేవాళ్లు సముద్రం ఫోటో తీసుకుంటారు కానీ ఈ గేటు ముందు ఆగరు.

ఒంగోలులో క్లౌపేట అంటే ఆటోవాళ్లందరికీ తెలుసు. కొండకు చీకటి ఉండగానే బయల్దేరాలి. నీళ్ల సీసా, టార్చి, జారని చెప్పులు చాలు. 1854 జనవరి 1న తెల్లవారుతుండగా ఇక్కడ ప్రార్థన చేసినవాళ్లు ఐదుగురు: నెల్లూరు మిషనరీలైన జ్యూవెట్ దంపతులు, క్రిస్టియన్ నర్సు (ఇది మనిషి పేరే, ఉద్యోగం కాదు), జూలియా, రూతు. సువార్త ప్రకటించేవాని పాదాలు కొండల మీద ఎంత అందమైనవో చెప్పే యెషయా 52:7 చదివి, కింద కనిపిస్తున్న ఊరికి ఒక బోధకుణ్ణి పంపమని అడిగారు. అతను రావడానికి పన్నెండేళ్లు పట్టింది. చాలామంది జ్యూవెట్ గారి పేరొక్కటే చెప్పి ఊరుకుంటారు, అది అన్యాయం. ఐదుగురిలో ముగ్గురు మనవాళ్లే.

1867 జనవరి 1న ఒంగోలు సంఘం కట్టినప్పుడు సభ్యులు ఎనిమిది మంది. అదే నెలలో నలభై మైళ్ల అవతల, యర్రగుంట్ల పేరయ్య గారి పల్లె దగ్గర 28 మంది బాప్తిస్మం తీసుకున్నారు. పేరయ్య తోళ్ల వ్యాపారం చేసే మాదిగ, అంతకుముందు యోగమార్గంలో ఉన్నవాడు. క్లౌ పెట్టిన షరతులు మూడు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. వినడానికి తేలికే. కానీ బావి నీళ్లు తోడే కపిలకు తోలు బాన కుట్టేదీ, చెప్పులు కుట్టేదీ, జాతరలో డప్పు కొట్టేదీ మాదిగలే. కోతల్లో ఆదివారం మానేస్తే ఆసామికి మండుతుంది, డప్పు మానేస్తే ఊరంతటికీ మండుతుంది. దెబ్బలు, బావి దగ్గరికి రానివ్వకపోవడం అక్కడ మొదలయ్యాయి. మాదిగలను చేర్చుకున్నందుకు ఒంగోలులో పై కులాలవాళ్లు దూరం జరిగినప్పుడు క్లౌ, ఆయన భార్య వేర్వేరు గదుల్లో బైబిలు తెరిస్తే ఇద్దరికీ మొదటి కొరింథీ 1:26 (పిలుపు అందుకున్నవాళ్లలో జ్ఞానులు, ఘనులు ఎక్కువమంది లేరనే మాట) దగ్గరే పడిందని ఆయనే చెప్పుకున్నారు.

ఆదివారం జ్యూవెట్ స్మారక సంఘంలో ఆరాధన అయ్యాక బండి మాట్లాడుకుని కొత్తపట్నం దారి పట్టాం. బకింగ్‌హాం కాలువ ఇప్పుడు చాలాచోట్ల పూడిపోయింది. గట్ల మీద సర్కారు తుమ్మ, పక్కన రొయ్యల చెరువులు. అక్కడ చూడటానికేముంది అంటారు. 1876–78 కరువులో ఈ కాలువలో మూడున్నర మైళ్ల పనిని కాంట్రాక్టు తీసుకున్నది క్లౌ. కొలత తెలిసినవాడు కాబట్టే తీసుకోగలిగారు. ఒక్కో బోధకుడి కింద సుమారు వంద మంది చొప్పున పెట్టి తవ్వించారు. మేస్త్రీల తిట్లు, కూలిలో కోతలు తప్పాయని ఎక్కడెక్కడి పల్లెల నుంచో జనం దిగారు. నడుం వాల్చే వేళ బోధకులు పక్కన కూర్చుని మాట్లాడేవారు. ఒక గుంపు ఊరికి వెళితే ఇంకో గుంపు వచ్చేది, విన్న మాట అలా పల్లెలకు పాకింది.

అయితే కరువు సాయం నడిచినంత కాలం, సుమారు 15 నెలలు, ఆయన ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. బియ్యం కోసం కలిశారన్న మాట రాకూడదని. ఇది తెలియకుండా వెల్లంపల్లి వెళితే, తిండి పెట్టి బాప్తిస్మంలో ముంచారు అనే పాత నిందే గెలుస్తుంది.

వెల్లంపల్లి ఒంగోలుకు ఉత్తరంగా పది మైళ్లు, హైవే దారి. సాయం ఆగిపోయాక, ఒంగోలులో మశూచి ఉందని సమావేశాన్ని అక్కడ పెట్టారు. విశ్వాసులను మాత్రమే రమ్మంటే జనం వేలల్లో వచ్చారు. బాప్తిస్మం తీసుకున్నది 1878 జూలై 2న 614 మంది, 3న 2,222, 4న 700, మొత్తం 3,536. ఒక్క రోజులో 2,222 మంది అంటే నమ్మనివాళ్లకు మేం లెక్క చెబుతాం. అభిషేకం పొందిన, అంటే బాప్తిస్మం ఇచ్చే అధికారం ఉన్న బోధకులు ఆరుగురు. నీళ్లలో ఎప్పుడూ ఇద్దరే, వాళ్లు అలసిపోతే ఇంకో ఇద్దరు దిగేవారు. ముందే విచారించి పేర్లు రాసుకున్నారు కాబట్టి గట్టు మీద ఆలస్యం లేదు. మధ్యాహ్నం ఆపి, మొత్తం మీద తొమ్మిది గంటలు చేశారు. మనిషికి అర నిమిషం చొప్పున పడుతుంది. క్లౌ ఆ రోజు ఒక్కరిని కూడా ముంచలేదు. ముంచినవాళ్లందరూ తెలుగువాళ్లే. కొందరు ప్రసంగాల్లో దీన్ని తిరగేసి చెప్పడం వింటుంటాం.

మల్లవరం దగ్గర డ్యాం కట్టాక ఏరు ఆనాటిది కాదు. నీళ్లు ఎంత లోతున్నాయో ఊళ్లో అడక్కుండా దిగొద్దు, ఇసుక తవ్విన గోతులు పైకి కనిపించవు. బాప్తిస్మం ఇవ్వాలనుకునే సంఘాలు ముందురోజే మనిషిని పంపి నడుంలోతు చోటు చూసుకోవాలి, బట్టలు మార్చుకోవడానికి గుడారం గుడ్డ తెచ్చుకోవాలి. చీకటి పడకముందే హైవే ఎక్కితే ఒంగోలు బస్సులు దొరుకుతాయి.