తొమ్మిదింటికి అత్త ఫోను

మొన్న సాయంత్రం హాస్టల్ మేడ మీద బట్టలు తీస్తుంటే జూనియర్ గుంట ఒకర్తి పక్కకొచ్చి నిలబడింది, చేతిలో బట్టల క్లిప్పు నొక్కుతూ వదుల్తూ, అక్కా చిన్నప్పుడు ఇంట్లో జరిగినవి ఎప్పటికీ పోవా అని అడిగింది. పోతాయని అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. కూచోబెట్టి నా సంగతే చెప్పాను. అదే ఇక్కడ కూడా రాస్తున్నా, ఎందుకంటే మన ఒడిశాలో బరంపురం, గోపాల్‌పూర్, ఛత్రపురం వైపు తెలుగిళ్ళల్లో ఇలాంటివి ఎవరూ పైకి అనుకోరు.

మా నాన్న తాగొచ్చి అమ్మని కొట్టేవాడు. ఇంతకంటే వివరం రాయను. ఒక్కటి మాత్రం చెప్తా. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన రాత్రి మా వాడోళ్ళందరం ఒక స్కూలు బిల్డింగులో ఉన్నాం, కిటికీలు దడదడా కొట్టుకుంటున్నాయి, పెద్దోళ్ళు తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కేస్తున్నారు, నాకప్పుడు పదకొండేళ్ళు, నేను మాత్రం ఆదమరిచి నిద్రపోయాను. అంతమంది మధ్యలో నాన్న చెయ్యెత్తలేడని నాకు తెలుసు.

ప్లస్ త్రీకి, అంటే డిగ్రీకి, బరంపురం హాస్టల్‌కి వచ్చాక అంతా అయిపోయిందనుకున్నా. 2020 మార్చిలో లాక్‌డౌన్ అన్నారు, హాస్టల్ ఖాళీ చెయ్యమన్నారు, అందరూ ఇంటికెళ్తున్నాం అని సంతోషపడుతుంటే నాకు బ్యాగు సర్దడానికి చేతులు రాలేదు. మళ్ళీ కాలేజీ తెరిచి తిరిగొచ్చేసరికి నేను మునుపటి మనిషిని కాదు. నిద్ర లేదు, క్లాసులో ఎవరైనా బెంచీ మీద గట్టిగా కొడితే ఒళ్ళంతా వణుకు, రాత్రయితే నేను లేకపోతే అమ్మకి ఒక ఖర్చు తగ్గుతుంది కదా అనే ఆలోచన. చాలా మామూలుగా, లెక్క చూసుకున్నట్టు వచ్చేది ఆ ఆలోచన. థామస్ జాయినర్ అని అమెరికా సైకాలజిస్టు ఒకాయన 2005లో ఇదే రాశాడు, నేను అందరికీ బరువు, నాకంటూ ఎవరూ లేరు, ఈ రెండూ కలిసినప్పుడే మనిషికి చావు మీదకి మనసు పోతుందని. తర్వాత ఎప్పుడో చదివితే ఎవరో నా డైరీ చూసి రాసినట్టుంది.

అప్పుడు నన్ను పట్టి ఉంచింది మా మేనత్త. ఇచ్ఛాపురంలో ఉంటుంది, పెద్దగా చదువుకోలేదు. రోజూ రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేసేది. ఏటే గుంటా, తిన్నావేటి? ఏటి కూర? అంతే. ఎలా ఉన్నావని అడగదు, ధైర్యంగా ఉండమనదు, మీ నాన్నని క్షమించు అని ఒక్కసారి కూడా అనలేదు, సొంత తమ్ముడైనా సరే. కానీ ఏటి కూర అంటే జవాబు చెప్పాలి కదా, దానికోసమైనా మెస్సుకెళ్ళి ప్లేటు పట్టుకునేదాన్ని. ఒకరోజు ఫోన్ ఎత్తకపోతే పదకొండు మిస్డ్ కాల్స్, పన్నెండోది మా వార్డెన్‌కి.

ఇందులో ఏముంది అనుకుంటారేమో. శాన్‌ఫ్రాన్సిస్కోలో జెరోమ్ మోటో అనే సైకియాట్రిస్టు డిప్రెషన్‌తోనో, చనిపోవాలన్న ఆలోచనతోనో ఆస్పత్రిలో చేరి, బయటికొచ్చాక ట్రీట్‌మెంట్ వద్దన్న 843 మందిని తీసుకుని, సగం మందికి ఐదేళ్ళపాటు అప్పుడప్పుడూ చిన్న చిన్న ఉత్తరాలు రాయించాడు, మీరు బాగున్నారని అనుకుంటున్నాం, రాయాలనిపిస్తే రాయండి, ఆ మాదిరిగా. సలహా లేదు, అపాయింట్‌మెంట్ లేదు. 2001లో రిజల్ట్స్ పబ్లిష్ చేశారు, మొదటి రెండేళ్ళలో ఉత్తరాలు అందుకున్నవాళ్ళలో ఆత్మహత్యలు తక్కువ. చదివి ఏడ్చాను. మా అత్తకి ఇవేవీ తెలీవు.

2001లోనే ఇంకో పెద్ద స్టడీ వచ్చింది, 17 వేల మందికి పైగా పెద్దవాళ్ళ మీద, చిన్నప్పుడు హింస, ఇంట్లో తాగుడు, తల్లిని కొట్టడం చూడటం లాంటివి ఒక్కోదానికీ ఆత్మహత్యాయత్నం రిస్కు రెండు నుంచి ఐదు రెట్లు ఎక్కువని. అది చూసి మొదట భయపడ్డా. కానీ అదే స్టడీలో ఉంది, అలాంటి బాల్యం ఉన్నవాళ్ళలో ఎక్కువమంది అటు వెళ్ళనే లేదు. నా జూనియర్‌కి ఈ మాట రెండుసార్లు చెప్పాను. రిస్కు ఉందంటే తలరాత అయిపోయినట్టు కాదు.

రూమ్మేట్ గురించి కూడా చెప్పాలి. ఒడియా అమ్మాయి. ఒకరాత్రి లైటు తీసేశాక ఒడియాలో సూటిగా అడిగేసింది, చచ్చిపోవాలనిపిస్తోందా నీకు అని. అలా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామని మనవాళ్ళకి భయం, అది నిజం కాదు, అడగడం వల్ల రిస్కు పెరగదని పరిశోధనలు తేల్చాయి. అవునన్నాను. ఆ రాత్రి నన్ను ఒంటరిగా వదల్లేదు, పొద్దున్నే వెళ్ళి వార్డెన్‌కి చెప్పేసింది. నెలరోజులు దాంతో మాట్లాడలేదు నేను. ఇప్పుడనిపిస్తుంది, ఎవరికీ చెప్పనని ఒట్టేసి కూచుంటే ఏమయ్యేదో.

వార్డెన్ కౌన్సెలర్ దగ్గరికి పంపింది. ఫారం ఇంగ్లీషులో, మాటలు ఒడియాలో. ఒడియా నాకు ఒకటో క్లాసు నుంచీ వచ్చు, కానీ మా ఇంట్లో తిట్లూ దెబ్బలూ అన్నీ తెలుగులో జరిగాయి, ఒడియాలో చెప్తే ఎవరి కథో చెప్తున్నట్టు అనిపించి, బాగానే ఉన్నానని చెప్పి వచ్చేశా. 2023లో టెలి మానస్ అని ప్రభుత్వం మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి చేసి తెలుగు ఎంచుకున్నాక, అటువైపు ఆవిడ చెప్పమ్మా అనగానే నలభై నిమిషాలు ఆగకుండా మాట్లాడాను. ఆ నంబరు ఫ్రీ, ఎప్పుడైనా చెయ్యొచ్చు, తెలుగు, ఒడియా రెండూ ఉన్నాయి.

పోలీసు కేసవుతుందని భయపడి నోరు విప్పనివాళ్ళున్నారు. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం సెక్షన్ 115 ప్రకారం ఆత్మహత్యాయత్నం చేసినవాళ్ళు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే చూడాలి, శిక్ష వెయ్యకూడదు. 2025 జులైలో సుప్రీంకోర్టు, 100 మంది గానీ అంతకంటే ఎక్కువ గానీ స్టూడెంట్స్ ఉన్న ప్రతి విద్యాసంస్థలో కౌన్సెలర్ ఉండాలని చెప్పింది. మీ కాలేజీలో లేకపోతే అడగండి, నలుగురు కలిసి వెళ్ళి అడగండి. 2022 ఒక్క ఏడాదిలోనే ఎన్‌సీఆర్‌బీ (దేశమంతటి నేరాల లెక్కలు రాసే ప్రభుత్వ సంస్థ) లెక్కల్లో 13,044 మంది స్టూడెంట్స్ ఆత్మహత్య చేసుకుని పోయారు, మొహమాటపడే సమయం కాదు.

ట్యూషన్ సంగతి మర్చిపోయా. మెస్సులో వంట చేసే ఆంటీ పిల్లలిద్దరికి లెక్కలు చెప్పేదాన్ని, అక్కా రేపు కూడా రా, ఎల్లుండి టెస్టు అనేవాడు చిన్నోడు. నేను బరువు అనుకుంటున్న రోజుల్లో ఒకడికి నా అవసరం పడింది, ఎక్కాలు నేర్పించడానికే అయినా.

జూనియర్ నంబర్ తీసుకున్నా. తనకి 14416కి నేను పక్కన కూచుని ఫోన్ చేయించా, వచ్చే మంగళవారం డాక్టర్ దగ్గరికి ఇద్దరం వెళ్తున్నాం. రోజూ తొమ్మిదింటికి, అత్త ఫోన్ పెట్టెయ్యగానే, నేను తనకి చేస్తున్నా. నిన్న గుడ్డు కూరంట, ఉప్పు లేదంట, సగమే తిందంట.