మల్టీకాస్ట్ స్ట్రీమ్ నాలుగు నిమిషాలకే ఆగిపోతుంటే: నా అనుభవం

ఒకే వీడియో ఫీడ్‌ని ఆఫీసులోని స్క్రీన్లన్నిటికీ పంపాలి. ఒక్కోదానికి విడివిడిగా పంపితే సర్వర్ లింకు నిండిపోతుంది కాబట్టి మల్టీకాస్ట్ (ఒక్కసారి పంపితే కావాల్సిన మెషీన్లన్నిటికీ చేరే పద్ధతి) పెట్టాం, గ్రూప్ అడ్రస్ 239.10.10.5. స్టార్ట్ చేయగానే అన్నిచోట్లా బొమ్మ వచ్చింది, నాలుగు నిమిషాలు దాటాక అన్నిచోట్లా ఆగిపోయింది. ప్లేయర్ మళ్లీ తెరిస్తే వస్తుంది, సరిగ్గా అంతే సేపటికి మళ్లీ పోతుంది. కేబుల్ సమస్యయితే ఇలా టైమ్ ప్రకారం రాదు కదా, అందుకే ఎక్కడో టైమర్ ఉందని వెతకడం మొదలుపెట్టా.

మల్టీకాస్ట్‌లో పంపే సర్వర్‌కి గ్రూప్‌లో ఎవరున్నారో అస్సలు తెలియదు, ఆ అడ్రస్‌కి ప్యాకెట్లు వదలడం వరకే దాని పని. కావాల్సిన మెషీన్ ఐజీఎంపీ రిపోర్ట్ ("ఈ గ్రూప్ నాకు కావాలి" అనే సందేశం) పంపుతుంది, స్నూపింగ్ (ఆ సందేశాల్ని గమనించడం) ఆన్‌లో ఉన్న స్విచ్ దాన్ని చూసి ఆ పోర్టుని గుర్తుపెట్టుకుని అటే స్ట్రీమ్ పంపుతుంది. అయితే ఈ గుర్తు శాశ్వతం కాదు. క్వెరియర్ అనేది ఒకటి ఉండి, మామూలుగా 125 సెకన్లకోసారి "ఇంకా ఎవరికైనా కావాలా" అని అడుగుతూ ఉండాలి. అడిగేవాళ్లు లేకపోతే మెషీన్లు మళ్లీ రిపోర్ట్ పంపవు, దాదాపు 260 సెకన్లకి స్విచ్ ఆ పోర్టుని తీసేస్తుంది. అంటే నాలుగు నిమిషాల ఇరవై సెకన్లు. లెక్క కుదిరింది!

నెట్‌వర్క్‌లో వెళ్లే ప్యాకెట్లని చూపించే వైర్‌షార్క్‌లో ఐజీఎంపీ ఫిల్టర్ పెట్టి చూస్తే రిపోర్టులున్నాయి, క్వెరీ ఒక్కటీ లేదు. మామూలుగా ఆ పని మల్టీకాస్ట్ రౌటర్ చేస్తుంది, మా వీల్యాన్‌లో (స్విచ్‌లో విడిగా చేసిన నెట్‌వర్క్ భాగం) అలాంటిది లేదు. స్విచ్‌లోనే క్వెరియర్ ఆన్ చేసి ఐపీ ఇచ్చాక ఇక ఆగలేదు. స్నూపింగ్ తీసేస్తే సరిపోతుందని చాలామంది చెబుతారు, నేనైతే వద్దంటాను. అప్పుడు స్ట్రీమ్ ప్రతి పోర్టుకీ వెళ్తుంది, ముందు దెబ్బ తినేది వైఫై.

తర్వాత ఇంకో వీల్యాన్‌కి కూడా ఫీడ్ కావాల్సి వచ్చింది. రౌటర్‌లో పిమ్ (మల్టీకాస్ట్‌ని ఒక నెట్‌వర్క్ నుంచి ఇంకోదానికి దాటించే ప్రోటోకాల్) ఆన్ చేసినా రాలేదు, ఎందుకంటే మల్టీకాస్ట్ ప్యాకెట్లకి డిఫాల్ట్ టీటీఎల్ (ఒక్కో రౌటర్ దగ్గర ఒకటి తగ్గే అంకె) 1, మొదటి రౌటర్ దగ్గరే పడిపోతాయి. పంపే అప్లికేషన్‌లో పెంచాం, వచ్చింది.

అడ్రస్ ఎంచుకునేటప్పుడు ఇంకో సంగతి చూసుకోండి. గ్రూప్ అడ్రస్‌లో చివరి 23 బిట్లే మ్యాక్ అడ్రస్‌లోకి (స్విచ్ చూసే హార్డ్‌వేర్ అడ్రస్) వెళ్తాయి, అంటే 32 గ్రూపులకి ఒకటే మ్యాక్. 239.0.0, 239.128.0తో మొదలయ్యేవి అసలు వాడొద్దు, వాటి మ్యాక్‌లు నెట్‌వర్క్ సొంత పనులకి కేటాయించిన 224.0.0 వాటితో కలిసిపోతాయి, చాలా స్విచ్‌లు వాటిని అన్ని పోర్టులకీ పంపేస్తాయి.