బొటనవేలికి కప్ప

టీటీ సూది పొడిచిన ఎడమ చెయ్యి ఇంకా పైకి లేవడం లేదు, కుడి చేత్తోనే టైప్ చేస్తున్నాను.

చేప నోట్లోంచి కొక్కెం తీయడం నాకు కొత్తేం కాదు. ముందు చెయ్యి తడుపుకోవాలి. పొడి చేత్తో పడితే ఒంటి మీది జిగురు ఊడిపోతుంది, నీళ్లలో వదిలినా ఆ చేపకు రోగాలు పట్టుకుంటాయి. కటింగ్ ప్లేయర్‌తో కొక్కెం వంపు దగ్గర పట్టుకుని, దిగిన దారినే వెనక్కి తిప్పాలి. లోపలికి మింగేసిందా, పీకులాడకుండా నోటి దగ్గరే దారం కోసెయ్యాలి. మా ఊళ్లో పిల్లలకు ఇదంతా నేర్పింది నేనే.

మొన్న ఆదివారం చెరువులో ఎరగా రబ్బరు కప్ప వేశాను. కిలోన్నర కొర్రమట్ట పట్టుకుంది. లాగాక చూస్తే, అది మింగిన చోట ఎర్రెర్రటి పిల్లలు గుంపుగా తేలుతున్నాయి. కొర్రమట్టలు పిల్లల్ని కాపలా కాస్తాయి. తల్లో తండ్రో పోతే మిగతా చేపలు వాటిని మింగేస్తాయి. పులుసుకైతే నెత్తి మీద ఒక్కటేసి కొక్కెం తీరిగ్గా తీసుకోవచ్చు. వదిలేద్దామనుకున్నాను, అదే నా నేరం.

రబ్బరు కప్పకు రెండు కొక్కేలుంటాయి. ఒకటి చేప దవడలో ఉంది. ప్లేయర్ పెట్టగానే చేప ఒక్క గుంజు గుంజింది, రెండోది నా బొటనవేలిలోకి పన్నుతో (మొన దగ్గర వెనక్కి తిరిగి ఉండే ముల్లు) సహా దిగింది. అటు చేప, ఇటు నేను, మధ్యలో కప్ప. బావ పరిగెత్తుకొచ్చి చేప వైపు కొక్కేన్ని కట్ చేసి, ముక్కను మొన వైపు నుంచి లాగేసి చేపను నీళ్లలోకి వదిలాడు. నా వైపూ కట్ చేస్తానన్నాడు. పట్టుకోవడానికి ఏమీ మిగలదని నేనే వద్దన్నాను.

అలా వేలికి ఆకుపచ్చ కప్ప వేలాడుతుండగా ప్రైవేటు ఆసుపత్రికి వెళ్లాను. కౌంటర్‌లో అమ్మాయి "ఏమైంది సార్?" అంది.

"కప్ప."

"కరిచిందా?"

వెనక బెంచీ మీద ఎవరో కిసుక్కుమన్నారు. ఒక పిల్లాడైతే దగ్గరకొచ్చి కప్పను వేలితో పొడిచి చూశాడు. కప్ప కదిలితే కొక్కెమూ కదులుతుంది, నాకు చుక్కలు కనబడ్డాయి. గంట కూర్చోబెట్టి, డ్యూటీ డాక్టరు రెండుసార్లు వెనక్కి లాగి, రాక, ఎక్స్‌రే తీయించుకుని సిటీకి వెళ్లమన్నాడు. పన్ను ఉన్న కొక్కేన్ని ఊరికే వెనక్కి లాగితే వస్తుందా? ఫీజు మాత్రం ముందే కట్టించుకున్నారు.

సిటీకి వెళితే ఒక పెద్ద సిస్టర్ చూసి కప్పను కోసి పడేసింది. కొక్కెం వంపుకు కుట్లు వేసే దారం చుట్టింది. కాడను చర్మానికి అదిమిపట్టి, కాడకు సమాంతరంగా ఒక్క కుదుపు. అయిపోయింది! "ముందే కోసుకుని రావచ్చుగా" అంది. బావ నా వైపు చూశాడు.

కంటి దగ్గరో కీలులోనో దిగితే ఈ దారం పని ఇంట్లో చేయకండి. అసలు చేపలకు బయల్దేరే ముందే ఇంటి దగ్గర ఆ పన్నును ప్లేయర్‌తో నొక్కేసుకుని వెళ్లండి, చేపకైనా మనకైనా కొక్కెం ఇట్టే ఊడొస్తుంది. దారం బిగువుగా పట్టుకుంటే చేపేమీ పోదు. పోతే పోయింది.

కప్ప బావ జేబులోనే ఉంది. ఇంటికొచ్చిన ప్రతివాడికీ తీసి చూపిస్తున్నాడు.