కుర్నా కొండ మీద కుండ పెంకుల లెక్క

ఈజిప్టు సమాధుల తవ్వకంలో పనిచేశానంటే మనవాళ్లు అడిగే మొదటి ప్రశ్న "బంగారం దొరికిందా?" అనే. దొరకలేదు. దొరికినవి కుండ పెంకులు, బస్తాల కొద్దీ. అయినా మా సమాధి గురించి మాకు తెలిసినదాంట్లో చాలావరకు చెప్పింది అవే.

లక్సర్‌లో నైలు నదికి పడమటి వైపున షేక్ అబ్ద్ అల్ కుర్నా అనే కొండ ఉంది. ఫరోల, అంటే ప్రాచీన ఈజిప్టు రాజుల, సమాధుల లోయ అవతలుంటే, ఈ కొండ నిండా మంత్రులు, లేఖకులు, ధాన్యాగారాల అధికారుల సమాధులు. ఎక్కువ భాగం 18వ రాజవంశం నాటివి, అంటే దాదాపు 3,400 ఏళ్ల కిందటివి. ఒక యూరప్ యూనివర్సిటీ బృందంలో నన్ను రికార్డింగ్ పనికి తీసుకున్నారు. పాస్‌పోర్టు కాపీ, బయోడేటా నెలల ముందే పంపాలి. పురావస్తు శాఖ కమిటీ ఒప్పుకోవాలి, ఆపైన భద్రతా అనుమతి రావాలి. అది వచ్చేదాకా టికెట్ కొనాలా వద్దా అని ఒకటే టెన్షన్.

పని శీతాకాలంలోనే. చీకటితో లేచి స్వెట్టర్ వేసుకుని కొండెక్కేవాళ్లం. ఎండ పడేసరికి టూరిస్టుల బెలూన్లు తల మీదుగా పోతుండేవి. మధ్యాహ్నానికి రాయి చేత్తో ముట్టుకోలేం కాబట్టి ఒంటిగంట దాటితే తవ్వకం బంద్. శుక్రవారం సెలవు.

తవ్వేది మేం కాదు, కూలీలు. వాళ్లమీద రయీస్, అంటే మేస్త్రి. మా రయీస్‌ది లక్సర్‌కి ఉత్తరాన ఉన్న కుఫ్త్. 1893-94లో బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త ఫ్లిండర్స్ పెట్రీ అక్కడ తవ్వినప్పుడు ఆ ఊరివాళ్లకు ఈ పని నేర్పాడు. తర్వాత అది తండ్రి నుంచి కొడుక్కి వచ్చే వృత్తి అయింది. పార నేలకు తగిలిన చప్పుడును బట్టే మా రయీస్ "దక్తూరా (డాక్టరమ్మా), ఆగండి" అనేవారు. నాకేమీ కనిపించేది కాదు. బ్రష్‌తో కాసేపు ఊడిస్తే పచ్చి ఇటుకల గోడ అంచు బయటపడేది. నా డిగ్రీల మీద నాకు అంతకు ముందున్నంత నమ్మకం ఇప్పుడు లేదు.

మట్టి రంగో గట్టిదనమో మారిందంటే కొత్త పొర. పని ఆపి, దానికి నంబరిచ్చి, ఫొటోలు తీసి, టోటల్ స్టేషన్ అనే సర్వే పరికరంతో కొలతలు తీసుకోవాలి. దేని మీద ఉంది, దేని కింద ఉంది అని ఫారం నింపాలి. తర్వాతే మట్టిని తట్టలకెత్తి జల్లెడ పట్టేది. పెంకుల సంచికి చీటీ లోపలొకటి, బయటొకటి. బయటి చీటీ మీద సిరా ఎండకు వెలిసిపోతుంది మరి.

పై పొరల్లో గాడిద పేడ, సిగరెట్ పెట్టెలు, అరబిక్ పేపరు ముక్కలు. మొన్న మొన్నటిదాకా ఈ కొండ మీద ఇళ్లుండేవి. పేపరు ముక్క మీద తేదీ ఉంటే ఎవరూ తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు, ఆ మట్టి అక్కడికి చేరింది ఆ తేదీ తర్వాతే. దాని కింద, ఎడారిలో ఎప్పుడో కురిసిన జడివానకు కొట్టుకొచ్చిన బురద గట్టిపడి ఉంది. దాన్ని ఎవరూ తొలవలేదని తేలితే, కిందున్నదంతా ఆ వరదకు ముందటిదే.

తొమ్మిదిన్నర ప్రాంతంలో ఫితార్, అంటే టిఫిన్. ఫూల్ అనే బాకలా చిక్కుడు గింజల ముద్ద, రొట్టె, పంచదార దండిగా వేసిన టీ. ఇండియా అనగానే అమితాబ్ బచ్చన్ ఎలా ఉన్నాడని అడిగేవాళ్లు. బాగానే ఉన్నాడని చెప్పేదాన్ని.

సమాధి లోపల హాలు, నడవ, ఆ తర్వాత బావిలా నిలువుగా దిగే షాఫ్ట్. దాని అడుగున శవాన్ని ఉంచిన గది. గాలి ఆడేదాకా ఆగి, హెల్మెట్, మాస్కు పెట్టుకుని నిచ్చెన దిగాలి. గబ్బిలాలు మొహం మీదికే వస్తాయి. లోపల చెక్కుచెదరని మమ్మీ ఏమీ లేదు. తాయెత్తుల కోసం దొంగలు పాతకాలంలోనే కట్లు చీల్చేశారు. తర్వాతి తరాలవాళ్లు తమ వాళ్లనీ అదే గదిలో పెట్టారు. ఎముకలన్నీ కలిసిపోయాయి. ఎముకల నిపుణురాలు ముందు ఎడమ తొడ ఎముకలన్నీ ఒక పక్కకు చేర్చింది. అవి ఎన్నుంటే కనీసం అంతమంది అన్నమాట. ఆ వరసలో చిన్నపిల్లలవీ ఉన్నాయి. ఆ రోజు బంగారం ప్రశ్న అడిగినవాళ్లందరి మీదా కోపం వచ్చింది.

మధ్యాహ్నాలు పెంకులతోనే. సిరా రాత గానీ రంగు గానీ ఉన్నవాటిని పక్కన పెట్టి, మిగతావి కడుగుతాం. ఎర్రగా ఉంటే నైలు ఒండ్రు, పాలిపోయి ఉంటే ఎడారి అంచుల్లోని సున్నపు మట్టి. అంచులు, అడుగులు, పిడులు బొమ్మ గీస్తాం, మిగతావి లెక్కపెట్టి తూకం వేస్తాం. విసుగు పుట్టే పనే. కానీ ముంగిట్లో దొరికిన పెంకు ఒకటి షాఫ్ట్ అడుగున దొరికిన దానితో అతుక్కుంది. దొంగలు లోపలి సామాను ఎటు విసిరారో దాంతో తేలింది. సమాధి ముఖద్వారం పైన యజమాని పేరు ముద్రతో మట్టి శంకువులు గుచ్చేవాళ్లు; మా మట్టిలోనే దొరికిన ఒక శంకువు మీద ముద్ర వేసిన పేరు మాత్రం మా సమాధి యజమానిది కాదు, ఇంకెవరిదో!

శాఖ ఇన్‌స్పెక్టర్ రోజూ మాతోనే ఉంటారు. సీజన్ చివర రిజిస్టర్‌లో ఎక్కిన ప్రతిదీ ప్రభుత్వ గోదాముకే. 1983 నాటి 117వ చట్టం ప్రకారం తవ్వకాల్లో దొరికినవి ప్రభుత్వానివే, విదేశీ బృందాలు వాటిని పట్టుకెళ్లడం ఇప్పుడు కుదరదు. హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో మనం చూసే మమ్మీ అంతకు ఎంతో ముందే వచ్చేసింది.

షాఫ్ట్ మూతికి ఇనప తలుపు బిగించి, రిపోర్టు ఇచ్చి వచ్చాం. వచ్చే సీజన్‌కి అనుమతి మళ్లీ మొదటినుంచి. వెళ్లాలనుకునేవాళ్లు చిత్రలిపి కంటే ముందు పెంకు బొమ్మ గీయడం, కాస్త వాడుక అరబిక్ నేర్చుకోండి. నాకు రోజూ అక్కరకొచ్చినవి ఆ రెండే.