ఇంటర్వ్యూ బల్లకు ఇవతలి వైపు

ప్రభుత్వ బడుల్లో టీచర్ల నియామకానికి జరిపే డీఎస్సీలో మౌఖిక పరీక్ష ఉండదు. రాతపరీక్ష మార్కులకు టెట్‌ (ఉపాధ్యాయ అర్హత పరీక్ష) వెయిటేజీ 20 శాతం కలిపి ర్యాంకు నిర్ణయిస్తారు. ప్రైవేటు బడుల ఇంటర్వ్యూల్లో మాత్రం చాలాచోట్ల "మీది ఏ ఊరు, నాన్నగారేం చేస్తారు" అన్న దగ్గరే సగం తీర్పు అయిపోతుంది. ఆ ప్రశ్నలకు ఒకప్పుడు తలవంచుకుని జవాబు చెప్పినవాణ్ణే నేను. నిన్న తొమ్మిదో తరగతి గణితం పోస్టుకు ఇంటర్వ్యూ చేసే ముగ్గురిలో ఒకడిగా కూర్చున్నప్పుడు, అందరినీ అవే ఆరు ప్రశ్నలు అడగాలనీ, మాలో మేము మాట్లాడుకోకముందే ఎవరి మార్కులు వారు వేసేయాలనీ పట్టుబట్టాను. రెండు రుణసంఖ్యల లబ్ధం ధనసంఖ్య ఎందుకవుతుందని అడిగితే, ఇంగ్లిషులో తడబడుతున్న ఒకావిడ సుద్దముక్క తీసుకుని, -3ను వరుసగా 2, 1, 0లతో గుణించి -6, -3, 0 అని రాసి, "తర్వాత ఏం రావాలి సార్?" అని మమ్మల్నే అడిగారు. ముగ్గురి కాగితాల్లోనూ ఆమెకే ఎక్కువ మార్కులు పడ్డాయి. అయితే ప్రశ్నలు తయారు చేసింది నేనే కాబట్టి, నాకు నచ్చే బోధనకే అవి పట్టం కట్టాయేమోనన్న అనుమానం ఇంకా పోలేదు.