గులాబి రంగు ఊళ్లో నీలిమందు

మే నెల రెండో వారం. ఫ్రాన్సులోని తులూజ్ నగరంలో ఒక పాత భవంతి ముంగిట్లో పద్నాలుగు మందిమి నిలబడి ఉన్నాం. ఊరు చూపిస్తున్న గైడు అమ్మాయి సంచిలోంచి నీలం రంగు అద్దకానికి వాడే ఎండిన ఆకుముద్ద ఒకటి తీసి నా చేతిలో పెట్టింది. పిడికెడంత ఉంది, పిడకలాగా తేలిగ్గా ఉంది. "ఈ మేడ కట్టిన డబ్బంతా దీనిలోంచి వచ్చిందే" అంది. కాసేపటికి ఆ ముద్దల వ్యాపారం ఎలా కూలిపోయిందో చెబుతూ ఆగి, నా చీర వైపు చూసి, మీరు ఇండియా నుంచేనా అని అడిగింది. అవునన్నాను. "మీ వైపు నుంచి నీలిమందు వచ్చింది, మా రైతులు మునిగిపోయారు" అంది. ఆమె గొంతులో నిష్ఠూరం లేదు, చరిత్ర పాఠం చెప్పినట్టే చెప్పింది. నాకు మాత్రం కడుపులో చెయ్యిపెట్టి దేవినట్టయింది.

మాది కడప జిల్లా. 19వ శతాబ్దంలో మా ప్రాంతంలో నీలి పంట వేసేవారు. మా అమ్మ పుట్టింటి ఊరి చివర, వంక ఒడ్డున, పాడుబడిన నీలిమందు తొట్లు ఉండేవి. వేసవి సెలవుల్లో వాటిలో దాక్కుని ఆడుకున్నాం. పెద్దయ్యాక 28 ఏళ్లు జూనియర్ కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పాను. నీలిమందు కథ నాకు మొత్తం తెలుసనే అనుకున్నాను: తెల్లదొరల దౌర్జన్యం, 1859లో బెంగాల్ రైతుల తిరుగుబాటు, 1917లో చంపారన్‌లో గాంధీజీ. ఆ కథకు ఇంకో కొస ఫ్రాన్సు దక్షిణాన ఉందని, ఆ కొసన ఏడ్చినవాళ్లు కూడా రైతులేనని అరవై దాటాక తెలిసింది.

మా అమ్మాయి, అల్లుడు ఇద్దరూ తులూజ్‌లో విమానాల రంగంలో ఇంజనీర్లు. మూడేళ్లుగా రమ్మంటుంటే ఇప్పటికి కుదిరింది. పన్నెండు రోజులకు ఏ రోజు ఏమి చూడాలో అల్లుడు ముందే కాగితం మీద రాసి పెట్టాడు. "అత్తయ్యా, మొదటి మూడు రోజులు విమానాలు, ఆ తరువాతే గుళ్లూ గోపురాలూ" అన్నాడు. వాళ్ల పని మీద వాళ్లకున్న మమకారం అది. కాదనబుద్ధి కాలేదు.

విమానాల సంగతి త్వరగా చెబుతాను. ఎయిర్‌బస్ కర్మాగారాన్ని గైడు వెంట చూడవచ్చు, కాని ముందుగా పేరు నమోదు చేసుకోవాలి, మనవంటివాళ్లు పాస్‌పోర్టు వెంట తీసుకెళ్లాలి. పక్కనే బ్లాన్యాక్‌లో ఏరోస్కోపియా అనే మ్యూజియం ఉంది. అక్కడ రెండు కాంకార్డ్ విమానాలు ఉన్నాయి. 1969 మార్చి 2న కాంకార్డ్ మొదటిసారి గాలిలోకి లేచింది ఈ ఊరి నుంచే. 2005 ఏప్రిల్ 27న ఎ380 అనే రెండంతస్తుల విమానం లేచిందీ ఇక్కడి నుంచే. లోపలికి ఎక్కి చూస్తే కాంకార్డ్ ఎంత ఇరుకో తెలిసి ఆశ్చర్యపోయాను. ధ్వని కన్నా వేగంగా వెళ్లిన మనుషులు మన ఎర్రబస్సులో కూర్చున్నట్టే మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నారు.

నన్ను ఎక్కువగా కదిలించింది మాత్రం మోంతోద్రాన్‌లో ఇప్పుడు మ్యూజియంగా మారిన పాత విమానాశ్రయం. 1918 డిసెంబరు 25న, మొదటి ప్రపంచ యుద్ధం ముగిసి ఆరు వారాలు దాటగానే, లాతెకోయెర్ అనే పారిశ్రామికవేత్త ఇక్కడి నుంచి బార్సిలోనాకు విమానంలో వెళ్లి, గాలి దారిన ఉత్తరాలు చేరవేయవచ్చని చూపించాడు. తరువాత ఆ దారి కాసాబ్లాంకా, డాకార్, చివరకు దక్షిణ అమెరికా దాకా సాగింది. పైకప్పు లేని విమానంలో, ఉత్తరాల సంచులతో, సహారా ఎడారి మీదుగా వెళ్లిన కుర్రవాళ్లలో చాలామంది తిరిగి రాలేదు. మా నాన్న పోస్టుమాస్టరు. ఆ మ్యూజియంలో ఆయన వెంట ఉంటే బాగుండుననిపించింది.

నాలుగో రోజు నడక పర్యటన. ఊరి పర్యాటక కార్యాలయం వాళ్లు నడిపేది. ఫ్రెంచిలో చెప్పేవి ఎక్కువ, ఇంగ్లీషులో చెప్పేవి తక్కువ కాబట్టి రోజు చూసుకుని వెళ్లాలి. నా సలహా ఒక్కటే: తులూజ్ వెళితే మొదటి రోజే ఈ నడక పెట్టుకోండి. ఆ తరువాత ఏ వీధిలోకి ఒంటరిగా వెళ్లినా గోడలు మీతో మాట్లాడతాయి.

ఈ ఊరిని 'గులాబి నగరం' అంటారు. చుట్టుపక్కల రాతి గనులు లేవు, గారోన్ నది ఒండ్రుమట్టి మాత్రం కావలసినంత ఉంది. కాబట్టి రోమన్ల కాలం నుంచి ఇటుకే దిక్కు. ఆ ఇటుక మన ఇటుకలాగా ఉండదు. పలకలాగా వెడల్పుగా, పలుచగా ఉంటుంది. పొద్దున లేత గులాబి, మధ్యాహ్నం నారింజ, సాయంత్రం ఎరుపు. రాయి దొరకని పేదరికంలోంచి ఇంత అందం పుట్టిందని గైడు చెప్పినప్పుడు, నల్ల నాపరాళ్ల మధ్య పెరిగిన నాకు నవ్వు వచ్చింది. మా ఊళ్లో పశువుల కొట్టానికి కూడా రాతి పలకలే.

సాన్ సెర్నాన్ చర్చికి వెళ్లే వీధి పేరు 'ఎద్దు వీధి'. క్రీ.శ. 250లో ఈ ఊరి తొలి బిషప్పును ఎద్దుకు కట్టి ఈడ్చి చంపారని, ఆయన సమాధి మీద వెలసినదే ఈ చర్చి అని స్థలపురాణం. 1096లో పోప్ రెండో అర్బన్ స్వయంగా వచ్చి ప్రతిష్ఠ చేశాడు. స్పెయిన్‌లోని సాంతియాగోకు కాలినడకన వెళ్లే యాత్రికులకు ఇది పెద్ద మజిలీ. అంతమంది జనం పూజకు అడ్డం రాకుండా గర్భాలయం చుట్టూ తిరగడానికి విడిగా దారి పెట్టారు. ప్రదక్షిణ పథం అన్నమాట! భుజాన సంచి, చేతిలో కర్రతో ఇద్దరు ముసలివాళ్లు లోపలికి వచ్చి, బూట్లు విప్పి, చల్లటి బండ మీద పాదాలు ఆనించి కూర్చున్నారు. తిరుమల కొండ నడిచి ఎక్కినవాళ్ల ముఖాల్లో చూసే అలసటే వాళ్ల ముఖాల్లోనూ కనిపించింది.

జాకొబాన్ మఠంలో ఒకే స్తంభం నుంచి 22 వంపు దూలాలు పైకి విచ్చుకుని కప్పును మోస్తాయి. 'ఖర్జూర చెట్టు' అని పిలుస్తారు. దాని మొదట్లో పెట్టిన అద్దంలోకి తొంగిచూస్తే 28 మీటర్ల ఎత్తున ఉన్న కప్పు కాళ్ల కింద పూసినట్టు ఉంటుంది. 13వ శతాబ్దం చివరి పని అది.

ఆ మఠం దాటాక గైడు వీధి పేర్ల పలకలు చూపించింది. ప్రతి చోటా రెండు పలకలు. ఒకటి ఫ్రెంచి, రెండోది ఒక్సితాన్. దక్షిణ ఫ్రాన్సు సొంత భాష అది. మెట్రోలో కూడా స్టేషన్ల పేర్లు రెండు భాషల్లోనూ వినిపిస్తాయి. గైడు అమ్మాయి వాళ్ల అవ్వ బడిలో ఆ భాష మాట్లాడినందుకు దెబ్బలు తిన్నదట. ఇప్పుడు ఈ అమ్మాయి సాయంకాలం తరగతులకు వెళ్లి అవ్వ భాష నేర్చుకుంటోంది. చెబుతున్నప్పుడు ఆమె గొంతు కాస్త వణికింది. మా మనవరాలికి తెలుగు అక్షరాలు దిద్దించే పని ఆ రాత్రే మొదలుపెట్టాను.

అక్కడి నుంచి అస్సేజా భవంతికి వచ్చాం, మొదట చెప్పిన ముంగిలి అదే. పియర్ దస్సేజా అనే వర్తకుడు 1555లో కట్టించడం మొదలుపెట్టాడు. ఆయన సరుకు పాస్తెల్. పసుపు పూలు పూసే ఒక మొక్క ఆకు అది. ఆకులను తిరగలి రాళ్ల కింద నలిపి, ముద్దలు చుట్టి, ఎండబెట్టి, మళ్లీ పొడిచేసి నీళ్లు చల్లి నెలల తరబడి మాగబెట్టాలి. అప్పుడు గాని అద్దకానికి పనికిరాదు. ఆ ముద్దలను 'కొకాన్య' అనేవారు. తులూజ్, ఆల్బీ, కార్కాసోన్ మధ్య ప్రాంతం ఈ ముద్దల వల్ల ఎంత బలిసిందంటే, 'కొకాన్య దేశం' అంటే పాలూ తేనే పారే చోటు అనే అర్థం స్థిరపడిందని ఇక్కడివాళ్లు చెబుతారు. లండన్, ఆంట్వెర్ప్ నగరాల ఉన్ని బట్టలకు నీలం ఇక్కడి నుంచే వెళ్లేది. 1525లో ఫ్రెంచి రాజు శత్రువులకు బందీగా చిక్కితే, విడుదల సొమ్ముకు పూచీ పడినవాళ్లలో తులూజ్ పాస్తెల్ వర్తకుడు ఒకడు. ఆయన భవంతి ఇప్పుడు ఒక బడి.

పోర్చుగీసువాళ్లు మన తీరానికి దారి కనిపెట్టాక మన నీలి సముద్రం మీద రావడం మొదలైంది. రెండు మొక్కల నుంచీ వచ్చే నీలం అణువు ఒక్కటే. కాని మన నీలి మొక్క నుంచి అది ఎన్నో రెట్లు ఎక్కువ వస్తుంది. పైగా 1562 నుంచి ఇక్కడ మతయుద్ధాలు. ప్రొటెస్టెంటుగా మారిన అస్సేజా ఊరు విడిచి పారిపోవలసి వచ్చింది. ఆ భవంతిలో ఒక వైపు నేటికీ కట్టడం పూర్తికాని గోడే కనిపిస్తుంది. 1609లో నాలుగో హెన్రీ రాజు నీలిమందు వాడితే మరణశిక్ష అని శాసనం చేశాడు. చట్టం కఠినమే, అణువు ముందు నిలవలేదు. ఇక్కడ నేను నోరు మూసుకోలేకపోయాను. 1897లో జర్మనీవాళ్లు కర్మాగారంలో కృత్రిమ నీలం చేసి అమ్మడం మొదలుపెట్టాక మా రైతులకూ ఇదే గతి పట్టిందని చెప్పాను. గుంపులో ఒక పెద్దాయన, జర్మన్, తలవంచుకుని "నిజం" అన్నాడు. కాసేపు ఎవరూ కదల్లేదు.

అదే భవంతిలో ఒక సాహిత్య అకాడమీ కూడా ఉంది. 1323లో ఏడుగురు కవులు కలిసి ఒక్సితాన్ భాషలో కవిత్వ పోటీ ప్రకటించారు. మరుసటి ఏడు మే నెలలో గెలిచిన కవికి బంగారు వయొలెట్ పువ్వు బహూకరించారు. ఇప్పటికీ పువ్వులే బహుమానం. మనవాళ్లు కవి కాలికి గండపెండేరం తొడిగితే, వీళ్లు చేతికి బంగారు పువ్వు ఇచ్చారు. 1323 అని వినగానే నాకు ఓరుగల్లు తలపుకు వచ్చింది. కోట పడిపోయి ప్రతాపరుద్రుడు బందీ అయిన ఏడు అది.

భోజనం విషయంలో శాకాహారులకు చిన్న హెచ్చరిక. ఊరి పేరుమోసిన వంట కసూలే. తెల్ల చిక్కుడు గింజలు చూసి మోసపోవద్దు, అందులో బాతు మాంసం, పంది మాంసం ఉంటాయి. నేను విక్టర్ హ్యూగో బజారులో రొట్టె, మేకపాల చీజు, చెర్రీ పండ్లు కొనుక్కుని కడుపు నింపుకున్నాను. చక్కెరలో పాకం పట్టిన వయొలెట్ పువ్వులు మాత్రం తప్పక తినాలి. తులూజ్ వయొలెట్ గింజ కట్టదు, పిలకలతోనే బతికించుకుంటూ వస్తున్నారు.

కాలువ మీద పడవ విహారం ఏడో రోజుకు పెట్టుకుంటే ఆగ్నేయం నుంచి ఒతాన్ అనే గాలి లేచింది. మూడు రోజులు ఆగలేదు. తలుపులు కొట్టుకుని, మా మనవరాలు నిద్రపోక, ఇంట్లో అందరికీ చిరాకు. ఈ గాలికి పిచ్చెక్కుతుందని ఇక్కడ సామెత. గాలి ఆగాక పడవ ఎక్కాం. కెనాల్ దు మిదీ పొడవు 240 కిలోమీటర్లు. 1666లో మొదలై 1681లో పూర్తయింది. తవ్వించిన పియర్ పాల్ రికే ఇంజనీరు కాడు, ఉప్పు పన్ను వసూలు చేసే అధికారి. కాలువ తవ్వడం ఆయన గొప్పతనం కాదని నా అభిప్రాయం. దారి మధ్యలో ఎత్తుగా ఉన్న నోరూజ్ దగ్గరకు నీళ్లు ఎలా చేర్చాలన్నది అసలు చిక్కు. నల్లకొండల వాగులన్నిటినీ పట్టి, సాన్ ఫెర్రెయోల్ దగ్గర పెద్ద చెరువు కట్టి, అక్కడి నుంచి శిఖరానికి నీళ్లు మళ్లించాడు. అక్కడి నుంచి రెండు వైపులకూ పల్లమే. పాత లాకుల గోడలు తిన్నగా కాక కోడిగుడ్డులాగా వంపు తిరిగి ఉంటాయి, మట్టి ఒత్తిడికి కూలకుండా. సొంత డబ్బు కూడా ధారపోసి, కాలువ తెరవడానికి కొన్ని నెలల ముందు 1680లో చనిపోయాడు. ఇక్కడి సాన్ ఎతియెన్ చర్చిలో ఆయన సమాధి ఉంది. మా కర్నూలు-కడప కాలువను కూడా సాగుకూ పడవలకూ కలిపే తవ్వారు. పడవలు ఎప్పుడో పోయాయి. ఇక్కడ పడవలు నడుస్తూనే ఉన్నాయి, గట్ల మీద చెట్లు పోతున్నాయి. 2006లో కనిపించిన బూజు తెగులు వల్ల దారి పొడవునా వేల ప్లేన్ జాతి నీడచెట్లను నరికివేయవలసి వచ్చింది.

పదో రోజున నా కోరిక మీద, ఊరి బయట పాస్తెల్ అద్దకం నేర్పే చిన్న కార్యశాలకు వెళ్లాం. అల్లుడు రాసిన కాగితంలో లేని కార్యక్రమం ఇదొక్కటే. తొట్టిలో నీళ్లు నీలంగా ఉండవు, పసుపుపచ్చగా ఉంటాయి. వాసన ఘాటుగా ఉంటుంది. తెల్ల నూలు గుడ్డను ముంచి, బుడగ రానివ్వకుండా నెమ్మదిగా పిసికి, పైకి తీయాలి. పసుపుగా వచ్చిన గుడ్డ కళ్ల ముందే పచ్చగా మారి, పచ్చలోంచి నీలంలోకి జారిపోయింది. గాలిలోని ఆక్సిజన్ చేసే పని అది. ఎన్నో ఏళ్లు బోధించాను, కళ్లతో చూడడం మాత్రం ఇదే మొదటిసారి. కళ్లు చెమర్చాయి. మా అమ్మాయి "అమ్మా, ఇంకోసారి ముంచు" అంది.

అద్దకం నేర్పే ఆవిడకు మా ఊరి తొట్ల గురించి చెప్పాను. ఆమె చేస్తున్న పని వదిలేసి కుర్చీ లాక్కుని కూర్చుంది. అక్కడి నుంచే అన్నయ్యకు ఫోను చేశాను. ఇంకా ఉన్నాయా అని అడిగితే, రెండు ఉన్నాయి, ఒకదాంట్లో కంప మొలిచిందన్నాడు. అరగంటలో ఫోటో వచ్చింది. ఆవిడ దాన్ని పెద్దది చేసి, గచ్చు అంచులు, నీళ్లు వదిలే తూము వేలితో తడుముతూ చాలాసేపు చూసింది. లోతు ఎంత, లోపల దిగి నీళ్లు చిలకడానికి ఎంతమంది పట్టేవారు, నేలకు వాలు ఎటు అని అడిగింది. నేను వాటిలో దాక్కుని ఆడుకున్నాను గాని ఏనాడూ కొలవలేదు.

మళ్లీ అన్నయ్యకు ఫోను చేశాను. మరునాడు తెల్లవారుజామునే కొడవలి, టేపు పట్టుకుని బయలుదేరాడు.